దండము - దయ - ధర్మము

దుర్బలుని రక్షించుటకే దండనీతి యేర్పడినది. పసిబిడ్డకంటె దుర్బలు డెవడు? కావుననే శిశుఘాతకునకు క్రింది న్యాయస్థానము విధించిన ఉరిశిక్షను పై న్యాయస్థానము తగ్గించినదని వినగానే, ఇది దయయా, అధర్మమా యని సజ్జనుల మనస్సు క్షోభించును. ఆ క్షోభము సహజమే, అయినను విచారింపదగినది.

2019 ఆగస్టులో వరంగల్లు న్యాయస్థానము తొమ్మిది నెలల పసికందును చెరచి చంపిన వానికి మరణదండనము విధించెను. ఆ సంవత్సరమే నవంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దోషనిర్ణయమును నిలిపి, దండనమును మాత్రము తుదిశ్వాస వరకు కారాగారవాసముగ మార్చెను. ఉన్నత న్యాయస్థానము సాక్ష్యమును మరల పరిశీలించి ధ్రువపరచనిదే మన దేశమున ఏ ఉరిశిక్షయు అమలు కాదు. అపరాధమునే గాక అపరాధిని గూడ పరిశీలింపవలెననియు, మరణదండనము అత్యంత విరళమైన సందర్భములకే చెల్లుననియు 1980లో బచన్ సింగు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. దేశకాలములను, అపరాధమును, అపరాధి శక్తిని ఎరిగి దండింపవలెనను మనుస్మృతి మాటకు ఇది దూరము కాదు.

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున అశ్వత్థామ, నిద్రించుచున్న ద్రౌపదీపుత్రులను వధించెను. అర్జునుడు వానిని బంధించి తెచ్చెను. భీముడు చంపుమనెను. ద్రౌపది, తనవలె వీని తల్లియు ఏడ్వరాదని విడువుమనెను. అర్జునుడు భగవదభిప్రాయము నెరిగి, శిరోమణిని కేశములతో ఖండించి వెడలగొట్టెను. గురుపుత్రుడను గౌరవము అచట పని చేసినది. నేటి న్యాయస్థానమున జన్మమునుబట్టి మినహాయింపు లేదు.

మరియొక భేదము ముఖ్యము. ద్రౌపది తల్లి గనుక క్షమింపగలిగెను. న్యాయమూర్తికి ఆ యధికారము లేదు. మృతశిశువునకు బదులు క్షమించుటకు ఆయన యెవరు? కావున శిక్షను మార్చుట క్షమ కాదు, తూనిక. ఉరి తీసిన పిమ్మట పొరపాటు తెలిసినచో పోయిన ప్రాణము రాదు గనుకనే తూనిక రెండుమార్లు జరుగవలెను.

ఆ తూనిక ఒకవైపే మొగ్గదు. బాలికను వస్త్రముపైనుండి తాకుట పోక్సో చట్టము క్రిందికి రాదని 2021 జనవరిలో బొంబాయి ఉన్నత న్యాయస్థానపు నాగపూరు ధర్మాసనము తీర్పు చెప్పగా, నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసి, మూడేండ్ల శిక్షను విధించెను. 2019 సవరణతో, ఆ చట్టమున మిక్కిలి ఘోరమైన అత్యాచారమునకు కనీసశిక్ష ఇరువదేండ్లయినది. అట్టి నేరము రుజువైనపుడు ఏ న్యాయమూర్తియు అంతకు తగ్గింపజాలడు.

ఇంత చెప్పినను ఆ తల్లి దుఃఖము తీరదు. ఏ తీర్పును దానిని తూచలేదు. మన కోపము ఆమెకు తోడగునే గాని, శిక్షకు కొలత కాజాలదు. ఆ కోపమునకు తగిన పని వేరొకటి యున్నది. బిడ్డ భయపడి చెప్పినమాటను పెద్దలు పరువు పోవునని అణచరాదు. ఇట్టి నేరము తెలిసియు తెలుపకుండుట 2012 చట్టమున నేరమే. ధర్మమున అది అంతకు పూర్వమునుండియు పాపమే.