ఎర

ఎలుకల బోనులో కొబ్బరిముక్క గుచ్చే పని మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఆడవాళ్ళ వంతే. ఊరికే గుచ్చితే రాదని, దీపం మీద కాస్త కమరబెట్టి మరీ గుచ్చుతాం. పొద్దున్నే మగవాళ్ళు ఆ బోను పట్టుకెళ్ళి ఏదో ఘనకార్యం చేసినట్టు తిరిగొస్తారు గాని, అసలు పని, అంటే నమ్మించడం, రాత్రే మన వంటింట్లో అయిపోయి ఉంటుంది.

చంపడం వేరు, తిండి చూపించి చంపడం వేరు. వేరేనా? ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది మాత్రం ఎలుక వల్ల కాదు, ఒక నక్క వల్ల.

పదిహేనేళ్ళ కిందట మావారి ఉద్యోగరీత్యా మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. కోదాడ అవతల మా ఆడపడుచు వాళ్ళకు సాగర్ ఎడమకాలువ కింద పొలం ఉంది. కోతలయ్యాక ఎరువు కోసం ఆ మళ్ళల్లో గొర్రెలమంద పెట్టించేవారు. ఒకసారి మేము వెళ్ళేసరికి ఆ మందలోంచి వారంలో రెండు పిల్లలు పోయి ఉన్నాయి. మూడోదాన్ని నక్క కొరికి వదిలేసిందిట. మంద పెద్దాయన ఆ చచ్చిన పిల్లను గట్టుమీది కాపలా గుడిసె ముందు పడేసి, చుట్టూ సైకిలు బ్రేకుతీగతో ఉచ్చులు పన్ని, దుడ్డుకర్రతో లోపల కూర్చున్నాడు. తాటాకు గుడిసె, ఒక మనిషి ముడుచుకు కూర్చునేంత చోటు. వాసనకు బెదురుతుందని చుట్ట కూడా ముట్టించలేదట. ఒక రాత్రి కాదు, ఆరు రాత్రులు!

నక్క వచ్చింది, దగ్గరకు మాత్రం రాలేదు. పొద్దున్నే తడిమట్టిలో అడుగులు కనిపించేవి. పది బారల దూరంలో ఎర చుట్టూ తిరిగి, గట్టు దిగి పోయినట్టు. కాలువ పక్కన ఎండ్రకాయల డిప్పలూ, తవ్విన ఎలుక బొరియలూ. దాని భోజనం అది చూసుకుంది.

“జిత్తులమారి ముండ!” అని తిట్టాడు పెద్దాయన.

తీగ దాచినవాడు ఈయన. వాసన చూసి తన దారిన పోయింది అది. బిరుదు మాత్రం దానికి! చిన్నయసూరి నీతిచంద్రిక (1853లో వచ్చిన పుస్తకం, మనలో చాలామందికి చిన్ననాటి పాఠం) గుర్తు చేసుకోండి. నూకలు చల్లి వల పన్నినవాడు వేటగాడు. నీతి అంతా ఆశపడ్డ పావురాలకే. ఎర వేసేవాళ్ళకు నీతులుండవు, తినేవాళ్ళకే. మన ఆడపిల్లలకు మనం చెప్పే సుద్దులూ ఇంతే కదూ?

పెద్దాయన కోడలిది సూర్యాపేట వైపు. “పాపం, తిండి ఆశ చూపి పట్టడమెందుకు, ఇంకో రెండు కుక్కల్ని పెంచుకోకూడదా?” అన్నాను ఆమెతో.

“మీకు నక్క మీద పావురమమ్మా, నాకు నా పిల్ల మీద పావురం,” అంది. పావురమంటే అటువైపు ప్రేమ. “పది దినాల పిల్ల. నా చేత్తోని పాలు తాపిన. తిండిపెట్టి చంపుడు తప్పంటరు గదా, పెద్దగట్టుకు కొట్టే యాటకు నేను రెండేండ్లు మేత పెడ్త. గది గూడ తప్పేనా?”

దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి లింగమంతులస్వామి జాతర. గొల్లలకు అది పెద్ద పండుగ. ఆమె మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది. యాటకు పెట్టే మేత అబద్ధం కాదు. వానలో దాన్ని గొంగడి కింద దాచింది నిజం, రోగమొస్తే రాత్రంతా మేలుకున్నది నిజం. ఎరలో పెట్టేదంతా అబద్ధమే. ఈ తేడా గొర్రెకు తెలియకపోవచ్చు. పెట్టే చేతికి తెలుస్తుంది. అయినా ఆమె ఎదుట నిలబడి ఈ మాట అనగలనా అంటే, ఏమో! పిల్లలు పోయింది ఆమెకు గాని నాకు కాదు.

ఏడోనాడు పక్క పొలం ఆసామి వచ్చి, ఇదంతా దేనికి, మాంసంలో పురుగులమందు కలిపి పడెయ్యమన్నాడు. అమెరికాలో ఈ ముచ్చట ఎప్పుడో జరిగింది. మన నక్కకు అక్కడ కొయోటీ అని ఒక దాయాది ఉంది. గొర్రెల కాపరుల కోసం ప్రభుత్వమే ఏళ్ళ తరబడి మాంసంలో విషం పెట్టించింది. విషం మనిషిని చూసి మర్యాద చేసే రకం కాదు. గద్దలూ పోయాయి, కుక్కలూ పోయాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆ ఎరలను ఆపించాడు. కొయోటీ మాత్రం తగ్గకపోగా ఖండమంతా పాకింది. అదే ఏడు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నక్కను చంపడం ఇవాళ ఆ చట్టం కింద నేరం.

ఆ ఆసామి ముందు పెద్దాయన చట్టం మాట ఎత్తలేదు. “తిండిల మందు వెట్టుడు మా ఇంట్ల లేదు,” అన్నాడు. ఆరు రాత్రులు ఉచ్చు పన్ని కూర్చున్న మనిషే! కోడలు తలెత్తి ఆయన వంక చూసింది గాని ఏమీ అనలేదు.

మర్నాడు మంద హుజూర్‌నగర్ వైపు కదిలింది. పెద్దాయన వెళ్ళేముందు బ్రేకుతీగలన్నీ విప్పి, చుట్టలు చుట్టి, గుడిసె చూరులో దోపాడు. పారెయ్యలేదు.