పెట్టె ప్రొద్దుటూరులో దించి పో

పాపా,

దసరాకు పది రోజులు వస్తున్నావని మీ నాయన చెప్పినాడు. చెప్పి ఊరుకోకుండా నువ్వు రాసుకున్న ప్రోగ్రాం కూడా నా ఫోనుకు పంపినాడు, ‘అన్నా, దీనికి నువ్వే చెప్పల్ల’ అని. చదివినాను. పొద్దున ఐదుకు లేచి కథ రాయడం. తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా పులివెందుల పక్క మీ మామ చీనీ తోటలో తేమ కొలిచే బోర్డు బిగించడం. సాయంత్రం గండికోటలో డ్రోను ఎగరేయడం. రాత్రి ఏదో కొత్త కంప్యూటర్ భాష. అన్నిటికీ గంటలు, నిమిషాలు వేసినావు. అడుగున ‘రెస్ట్’ అని ఒక గడి గీసి, దానికి మాత్రం టైము వేయలేదు. మీ మేనేజరైనా నీ మీద ఇంతకంటే దయ చూపిస్తాడు.

ఫోన్లు పట్టుకుని పిల్లోళ్లు చెడిపోతున్నారని తిట్టే పెద్దోళ్లలో నన్ను కలపొద్దు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైనాక మా ఈడోళ్లకు పట్టిన రేడియో పిచ్చి అంతా ఇంతా కాదు. వెనక అట్ట విప్పి లోపల ఏముందో చూడాలి. పాడైనా విప్పాలి, బాగున్నా విప్పాలి. సీసం కరిగే వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. రోజంతా కంటికి కనబడని పని చేసేదానివి, నీ చేత్తో అతికించిన తీగకు ఒక చిన్న దీపం వెలిగితే ఎంత సంబరమో నాకు తెలుసు. కథలు రాసుకుంటావు, అదీ మంచిదే. మన ఇంట్లో ఒకరన్నా రాసేవాళ్లు పుట్టినారు. నేను చెప్పేది ఒకటే. యంత్రం, రాత, విశ్రాంతి ఈ మూడింటినీ బంగారు అంగట్లో తూచినట్టు గురిగింజ ఎత్తు తేడా లేకుండా పంచుకోవాలని చూడొద్దు. ఒకదాని వేళలో ఇంకోదాన్ని దూర్చొద్దు. ఈ పది రోజుల్లో రెండు పనులు వదిలేసినా కొంపేం మునగదు.

ముందు ఆ సామాన్ల పెట్టె సంగతి. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, బోర్డులు, వైర్లు అన్నీ సర్దుకుని వస్తావు కదా. బెంగళూరు బస్సు నిన్ను దించేది ప్రొద్దుటూరులోనే, దాన్ని మా ఇంట్లో దించి పో. ఈడ కరెంటు ఉంటుంది, నెట్టు ఉంటుంది, ఒక స్క్రూ పోతే కొనుక్కోవడానికి నాలుగడుగుల్లో అంగడి ఉంటుంది. పల్లెలో ఇవేవీ లేవని కాదు, పల్లెలో పెట్టె తెరిస్తే నువ్వు పెట్టె దగ్గరే ఉంటావని. పల్లె, తోట అన్నీ తిరిగి, చివరి మూడు రోజులకు ఈడికి రా. పగలు నీ బోర్డుతో కుస్తీ పట్టుకో, పొద్దు గూకినాక అమ్మవారిశాల కాడికి పోదాం. మైసూరు తర్వాత దసరా అంటే ప్రొద్దుటూరే అని మనోళ్లు ఊరికే మీసం తిప్పరు.

నీ అటక మీద సగంలో ఆగిన బోర్డులు ఎన్ని ఉన్నాయో మీ అమ్మ చెప్పింది. సిగ్గుపడే పని లేదు, ఇది మన సీమకు కొత్త కాదు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసినాడు. కోట ఆయన చేతికి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆయన కొలువులో మయ్యే అని ఇంకో ఫ్రెంచివాడు ఉన్నాడు. గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి, కరిగించి, పిరంగులు పోయమని అతనికి అప్పజెప్పినారు. కొన్ని విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదంట. పోసిన పిరంగుల్లో ఒకటి పగిలి, ఒకటి సగంలో ఆగి, ఆఖరికి ఒక్కటీ పనికిరాలేదని టావెర్నియే రాసిపెట్టినాడు. దేవుళ్లను కరిగిస్తే పిరంగులు ఎట్లా వస్తాయని మా అమ్మ అంటుంది, అది వేరే సంగతి. కావాల్సినంత రాగి, బొగ్గు, కూలోళ్లు ఉన్న మనిషికే కుదరని పని, పది రోజుల సెలవులో, ఒక పక్క మీ జేజి ‘తిన్నావా’ అని గంటగంటకూ అడుగుతుంటే నీకు కుదురుతుందా?

డ్రోను గురించి ఎక్కువ చెప్పను. గండికోట పురావస్తు శాఖ కాపాడే కట్టడం, పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కాబట్టి ఒక పూట పో, మాధవరాయస్వామి గుడి చూడు, మసీదు చూడు, ధాన్యాగారం చూడు. బండల అంచుకు మాత్రం పోవద్దు. ఎర్ర కొండను పెన్న ఎట్లా కోసిందో నీ కళ్లతో చూస్తే చాలు.

పులివెందులకు పోవద్దని కాదు. బోర్డు లేకుండా పో. నువ్వు పోయి తోటకు టెక్నాలజీ నేర్పిస్తావని మీ మామ ఎదురుచూడటం లేదు. ఆయన మంచం మీద నుంచే ఫోన్ నొక్కి బోరు మోటరు వేస్తాడు. పక్కింటి పిల్లోడు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. అది 2008లో వచ్చింది, ఆ చుట్టుపక్కల ఊర్ల పిల్లలకు ప్రోగ్రామింగ్ ఇప్పుడు వింతేం కాదు. కాబట్టి పెద్ద ఇంజనీరు మాదిరి తోటలో దిగొద్దు. ఒక పొద్దున మామ వెనక తిరుగు. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు పారతాయి, నీ బోర్డు ‘నేల ఎండింది’ అని చెప్పిన గంటకు కాదు. డ్రిప్పు పైపులు ఉడతలు కొరుకుతాయి. నీళ్లలోని ఉప్పు పేరుకుని సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. ఏ చెట్టుకు నీళ్లు అందలేదో మామ ఆకు చూసి చెప్తాడు. ఇవన్నీ చూసి, అడిగి, ఒక కాగితం మీద రాసుకుని రా. బిగించడం సంక్రాంతికి చూద్దాం. అప్పటికి నీ బోర్డు డిజైనే మారిపోయి ఉంటుంది, చూస్తుండు.

తోట నుంచి గండి దగ్గరే. కొండల మధ్య నుంచి పాపఘ్ని బయటికొచ్చే చోట వీరాంజనేయస్వామి గుడి. శ్రావణ శనివారాలైతే కాలు పెట్టే సందు ఉండదు, దసరాకు అంత జనం ఉండరు.

ఇంక పల్లె. అసలు సెలవు అంటే అదే, దాన్నే నువ్వు పట్టికలో అడుగున పెట్టినావు. బస్సు దిగి, మా ఇంట్లో స్నానం చేసి, జమ్మలమడుగు బస్సెక్కి నేరుగా జేజి దగ్గరికి పో. మొదటి రెండు రోజులు నిద్రపో. మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల ఊరిమిండి తిన్నాక పంచలో ఆ నల్ల బండ మీద చాప కూడా లేకుండా పడుకుంటే వచ్చే నిద్ర బెంగళూరు ఏసీ గదిలో రాదు. మూడోనాడు నీకు చేతులు దురదపెడతాయి. ఏమీ తోచదు. ఫోన్ తీసి ఆఫీసు మెయిలు చూద్దామా, పోనీ కథన్నా మొదలుపెడదామా అనిపిస్తుంది. ఆ పూట ఒక్కటి ఓర్చుకో, పాపా. గమ్మునుండు. ఎవరూ లేని పూట గోడకు ఆనుకుని కూర్చుని వీధిలోకి చూడు. అప్పటిదాకా నువ్వు తీరుస్తుండేది అలసట, విశ్రాంతి ఆ పూట నుంచి మొదలవుతుంది.

పల్లె అంటే నిశ్శబ్దం అనుకుని వస్తే మోసపోతావు. తెల్లారకముందే గుడి మైకు. తర్వాత ట్రాక్టర్లు, ఎందుకంటే దసరా దగ్గరికి వచ్చేసరికి నల్లరేగడిలో శనగ విత్తే పని మీద పడుతుంది. వాన పడి పదును దొరికితే మీ చిన్నాయన ఇంట్లో కనబడడు. ఆ పూట గొర్రు వెనక నడుస్తూ వీడియో తీస్తానని పోవద్దు, పదును ఆరిపోతుందని ఆయన ప్రాణం ఆయనకుంటుంది. సద్ది తీసుకుపోయి ఇచ్చి రా, అదే సాయం. సాయంత్రం టీవీ సీరియళ్లు. ఆ మధ్యలో, పెళ్లెప్పుడని అడగని మనిషి ఊర్లో ఉండడు. కోపం తెచ్చుకోవద్దు. ‘ఉగాదికి చెప్తా’ అను, ఉగాది దాకా అడగరు.

రాసే సంగతి కొంచెం పెద్దగా చెప్తాను, నీకు అదే ఎక్కువ ముఖ్యమని నాకు తెలుసు కాబట్టి. సెలవుల్లో పల్లె మీద కథ పూర్తి చేస్తానంటున్నావు. వద్దు. నాలుగు రోజులు ఉండి రాసే కథలో పల్లె ఎప్పుడూ ఒకే మాదిరి ఉంటుంది: వెన్నెల, వేపచెట్టు, ముడతల ముఖం జేజి. కేతు విశ్వనాథరెడ్డి పుట్టింది కమలాపురం పక్క రంగశాయిపురం. 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆయన కథలకు. ఆయన ఒక పుస్తకం పేరే ‘జప్తు’. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఆయన పల్లెను చుట్టపుచూపుగా చూడలేదని. కథలు ఒక పక్కన రాస్తూనే మన జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఒక్కో ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందని వెదికిన మనిషికి కథలో ఊరు ఎట్లా రాయాలో ఎవరూ నేర్పించాల్సిన పని ఉండదు. నువ్వు కూడా ఈసారి ఏరుకో, రాయొద్దు. జేజి వాడే మాటలు, చేలకున్న పేర్లు, చిన్నాయన ట్రాక్టరును తిట్టే తిట్లు. అన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో. జేజి ముందు ఫోన్ రికార్డింగు పెట్టి ‘చెప్పు జేజీ’ అన్నావనుకో, ఆమె పేపరోళ్లకు చెప్పినట్టు చెప్తుంది. చెనిక్కాయలు వొలుస్తూ పక్కన కూర్చో, అడగకుండానే వస్తాయి.

ఇంజనీరింగులో చేరి రాతలోకి పోయినోళ్లు మనకు ముందే ఉన్నారు. రాచమల్లు రామచంద్రారెడ్డిది సింహాద్రిపురం పక్క పైడిపాలెం, మీ మామ ఊరికి ఎంతో దూరం కాదు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరితే, ఉద్యమంలో దిగినాడని బయటికి పంపినారు. తర్వాత తెలుగులో అంత ఖరాకండిగా మాట్లాడిన విమర్శకుడు ఇంకొకడు లేడు. మాస్కోలో కూర్చుని అనువాదాలు చేసినాడు, ‘అనువాద సమస్యలు’ అని పుస్తకం రాసినాడు. నీ కథ ఎప్పుడన్నా పూర్తయితే, ఆయన చదివితే ఏమంటాడో అని ఒకసారి భయపడు. ఆ భయం మంచిది.

ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరుని గుడికి కూడా తీసుకుపోతాను. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ ఆ గుడిలో ప్రదక్షిణలు చేస్తూ కట్టినాడని మా ఊరు చెప్పుకుంటుంది. బల్ల లేదు, కుర్చీ లేదు, పొద్దున ఐదుకు అలారం లేదు. నడిచినాడు, అంతే. నువ్వు కూడా జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి దాకా నడువు, చేను గట్టు మీద నడువు. రాయాల్సింది ఉంటే అదే వెంట వస్తుంది.

‘బ్రౌన్ దొర లీవు పెట్టుకుని కూడా తెలుగు పనే చేసినాడు కదా పెద్దనాయనా’ అంటావు, నాకు తెలుసు నీ నోరు. నిజమే. 1820లో కడపకు వచ్చినాడు, పగలు కచేరీ పని, మిగతా వేళ తెలుగు. బంగళా కొని, పండితులకు సొంత జీతం ఇచ్చి, తాళపత్రాలు రాయించినాడు. ఇంగ్లండుకు లీవులో పోయి కూడా, కంపెనీ లైబ్రరీలో దుమ్ము పట్టిన మన పుస్తకాలకు పట్టిక తయారు చేసినాడు. నిఘంటువు అచ్చయ్యేసరికి 1852. అంటే ముప్పై రెండేళ్లు. ఆయన లీవు ఏళ్ల లెక్కన, నీది పది రోజులు. ఆయనతో పోటీ పెట్టుకోవాలంటే ముప్పై ఏళ్ల పనిని పోల్చుకో, సెలవును పోల్చుకోవద్దు.

యంత్రం, రాత రెండూ కలిసే చోటు ఒకటుంది, అది మాత్రం నీకు అప్పగిస్తాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన జిల్లా పల్లెల పేజీలు తెరిచి చూడు, చాలా వాటిల్లో 2011 జనాభా లెక్కలు, బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం, అంతకు మించి ఏమీ ఉండదు. మన ఊరి గుడి, చెరువు, బడి ఫోటోలు తీసి ప్రొద్దుటూరులో కూర్చుని ఎక్కించు. ఊరి సంగతులు రాయాలంటే అచ్చయిన పుస్తకంలోనో పత్రికలోనో ఉండాలి, జేజి చెప్పిందంటే అక్కడ ఒప్పుకోరు. ఆ నియమం సరైనదే. జేజి చెప్పింది నీ కథకు పనికొస్తుంది, దాన్ని అక్కడ ఖర్చు పెట్టుకోవద్దు.

ఆఫీసు ల్యాప్‌టాప్ తేనే తేవద్దు. తెస్తే అది కూడా పెట్టెతోపాటు మా బీరువాలోకి పోతుంది, తాళం మీ పెద్దమ్మ దగ్గర ఉంటుంది, ఆమె నీ మాట వినదు. నల్లరేగడిలో తిరగడానికి పాత చెప్పులు తెచ్చుకో, కొత్తవి తెస్తే బురదలోనే వదిలి రావాల్సొస్తుంది. ఛార్జర్లు రెండు తీసుకో. ఒకటి మీ చిన్నాయన ‘ఇప్పుడే ఇస్తా పాపా’ అని తీసుకుని, విత్తనం అయ్యేదాకా ఇవ్వడు.

మీ పెద్దనాయన
ప్రొద్దుటూరు