వెనుదిరుగుట పిరికితనమా?

కొండ నెక్కబూనినవాడు సగము దారిలో మరలివచ్చినచో లోకము నవ్వును. ఆ నవ్వునకు జడిసి ముందుకు సాగుట ధైర్యమా, మరలివచ్చుట ధైర్యమా? వేసవిలో కొండదారి పట్టువారందరు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

మేట్టుపాళయము నీలగిరుల పాదమున, భవానీ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇచ్చటినుండి కూనూరునకు కొండరైలు 1899లో ప్రారంభమైనది. పైన ఊటీలో చల్లదనము. క్రింద మార్చి, ఏప్రిలు నెలలలో నిప్పులు చెరుగు ఎండ. పైచలిని తలచుకొని క్రిందియెండను లెక్కచేయనివాడు మోసపోవును.

తెలివిగల వర్తకుడు చేతి సొమ్మంతయు సరకుపై పెట్టడు. తిరుగు బండి బాడుగ వేరుగా ముడివేసికొనును. నీటి సంగతియు నంతే. తెచ్చిన నీరు సగము కాగానే, శిఖరము కంటికి కనబడుచున్నను మరలవలెను. మిగిలిన సగము తిరుగు దారి సొమ్ము.

తెల్లవారక మునుపే బయలుదేరుట, నడియెండలో నీడపట్టున నుండుట, దాహము ముదరక ముందే కొంచెము కొంచెముగా త్రాగుట, చెమటతో పోయిన ఉప్పును ఉప్పు మజ్జిగతో పూడ్చుకొనుట, పోవు దారియు వచ్చు వేళయు ఇంట చెప్పుట - ఇవన్నియు ఆ జాగ్రత్తలోనివే. తోడివాడు తడబడి మాటలాడినచో వడదెబ్బ యని అనుమానింపవలెను. శరీరపు వేడి 40 డిగ్రీలు దాటుట ప్రాణాపాయము. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి విసరుచు, వైద్యునికి కబురంపవలెను. అప్పుడు శిఖరము మాట తలపెట్టరాదు.

“నా ప్రాణము, నా యిష్టము” అనువారు కలరు. కాని అతడు తిరిగిరానినాడు వెదకుటకు అటవీ ఉద్యోగులును, కొండపల్లెల వారును తమ ప్రాణములొడ్డి పోవలెను. ఒకని పంతమునకు, అడుగకయే పదిమందిని జామీను నిలిపినట్లయినది. ఇది న్యాయమైన లెక్క కాదు.

మధుర కావల, బోడినాయకనూరు సమీపమున కురంగణి కొండలలో 2018 మార్చి 11న కార్చిచ్చు రేగి, నడకకు వెళ్ళినవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ యేటనే తమిళనాడు ప్రభుత్వము అడవి నడకలకు నియమములు చేసినది. మృతులను తప్పుపట్టుట తగదు. వారి మరణమునుండి నేర్వకుండుటయు తగదు. ఎండకాలమున అడవిదారి మూసిరన్నచో అడ్డదారి వెదకువాడు సాహసి కాడు.

కొండ ఎచ్చటికిని పోదు. ఈ వేసవిని మరలివచ్చినవాడు వచ్చు మార్గశిరమున చల్లగా ఎక్కవచ్చును.