ఎరువు సొమ్ము వంటి బలము

మానవశరీరము భగవంతుడు జీవునకు ఒసగిన పరికరము. స్నానము, సంధ్య, అర్చనము, తీర్థయాత్ర, అతిథిసేవ మున్నగు ధర్మములన్నియు ఈ పరికరముతోడనే నెరవేరవలసియున్నవి. కాళ్లు నడచినగాని కొండ యెక్కుట లేదు. చేతులు కదలినగాని తులసిమాల కట్టుట లేదు. అందుచేత దేహబలమును కోరుట దోషమని పెద్దలెన్నడును చెప్పలేదు. అయితే ఆ బలమును ఏ మార్గమున సంపాదింపవలెను, ఎందుకొరకు సంపాదింపవలెను అను రెండు ప్రశ్నలు ప్రతి తరమునందును క్రొత్తగా పుట్టుచుండును. నేటి యువకులకు ఆ ప్రశ్న స్టెరాయిడ్లు అను మందుల రూపమున ఎదురైనది.

ఒక వైష్ణవగృహమున ఇరువది యేండ్ల యువకుడు కలడనుకొనుడు. ఊరి ఆలయమున బ్రహ్మోత్సవములలో గరుడవాహనమును మోయువారిలో తానొకడు కావలెనని అతని కోరిక. శరీరము బక్కపలుచనిది. పట్టణమున వ్యాయామశాలకు పోవుచుండగా తోటివాడొకడు, కొన్ని వారములు సూదిమందు వేయించుకొనినచో భుజము రాయివలె గట్టిపడుననియు, జాగ్రత్తగా వాడినచో అపాయమేమియు లేదనియు చెప్పినాడు. యువకుడు ఇంటికి వచ్చి, “తాతయ్యా! స్వామిసేవకే గదా అడుగుచున్నాను. జాగ్రత్తగా వాడినచో తప్పేమి?” అని ప్రశ్నించినాడు. ఇది కసరి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఉద్దేశము మంచిది; అడిగినవాడు దాచక అడిగినాడు. కావున విచారించియే సమాధానము చెప్పవలెను.

మందుల స్వరూపము

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. స్టెరాయిడ్లను పేరుతో వ్యవహరింపబడు మందులలో రెండు తెగలు ముఖ్యమైనవి. ఉబ్బసము, కీళ్లవాతము మున్నగు వ్యాధులకు వైద్యులిచ్చు ప్రెడ్నిసొలోన్ వంటివి మొదటి తెగ. ఇవి వాపును అణచునే గాని కండను పెంచవు. దీర్ఘకాలము వాడినచో కండను క్షీణింపజేయును కూడ. వైద్యుని ఆజ్ఞపై వీనిని వాడుచున్న రోగులు భయపడి హఠాత్తుగా మానరాదు. అట్లు మానుట ప్రాణాపాయము కావచ్చును. రెండవ తెగ అనబాలిక్ స్టెరాయిడ్లు. ఇవి టెస్టోస్టెరాన్ అను పురుష హార్మోనును, దానిని పోలి కృత్రిమముగా చేయబడిన పదార్థములును. ప్రస్తుత విచారము వీనిని గురించియే.

ఔషధముచే యౌవనమును, బలమును కొనవలెనను ఆశ పాతది. 1889లో పారిస్ నగరమున బ్రౌన్-సెకార్ అను శాస్త్రజ్ఞుడు, 72 ఏండ్ల వయస్సున, జంతువుల వృషణములనుండి తీసిన ద్రవమును తనకు తానే సూదితో ఎక్కించుకొని, శక్తి తిరిగివచ్చినదని ప్రకటించెను. ఆ ద్రవమున అట్టి గుణము లేదని, అది మనోభ్రమయే యని తరువాతివారు గ్రహించిరి. 1935లో బూటెనాండ్ట్, రుజిచ్కా అను విద్వాంసులు టెస్టోస్టెరానును ప్రయోగశాలలో తయారుచేయు విధానమును కనుగొనిరి. 1939లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. 1958లో డయానబాల్ అను మాత్ర అమెరికా విపణికి వచ్చినది. అది మొదలు బరువులెత్తువారు, పరుగు పందెగాండ్రు, తుదకు ఏ పోటీయందును పాల్గొనని సామాన్య యువకులును వీనికి అలవాటుపడిరి.

ఈ మందులు పనిచేయవని చెప్పుట సత్యము కాదు. అసత్యము చెప్పి యువకుని ఆపుట ధర్మమును కాదు. 1996లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో 43 మంది పురుషులను నాలుగు వర్గములుగా విభజించి పరీక్షించిరి. వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాను చొప్పున 10 వారములు పుచ్చుకొనినవారికి, వ్యాయామము చేయకున్నను, కండ పెరిగినది. వ్యాయామమును చేసినవారికి కొవ్వు కాక తక్కిన శరీరభారము సగటున 6 కిలోలు అధికమైనది. ఆ స్వల్పకాలమున పెద్ద అపాయమేమియు బయటపడలేదు. ఆకర్షణ యంతయు ఇచ్చటనే యున్నది. ఫలము వెంటనే కనుపించును. మూల్యము వెంటనే కనుపింపదు. మొదట అమృతమువలె నుండి పరిణామమున విషమగు సుఖము రాజసమని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున బోధించినాడు. ఆ లక్షణము ఈ మందులకు చక్కగా అన్వయించును.

మూల్యము

ఆరోగ్యవంతుడగు పురుషుని శరీరము దినమునకు సుమారు 3 నుండి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టెరానును మాత్రమే తయారుచేసికొనును. కండలకొరకు వాడువారు చికిత్సకు ఇచ్చుదానికంటె పది రెట్లు, ఒక్కొక్కప్పుడు నూరు రెట్లు కూడ పుచ్చుకొందురు. వెలుపలినుండి ఇంత వచ్చిపడుచుండగా, దేహము తన పనిని మానుకొనును. వృషణములు కుదించుకొనిపోవును, వీర్యకణములు తగ్గి సంతానమునకు భంగము కలుగును. మందు మానిన పిదప అవి మరల మేల్కొనుటకు నెలలు, కొందరికి సంవత్సరములు పట్టును. ఆ నడిమికాలమున దిగులు, నిరుత్సాహము ఆవరించును. దానిని భరింపలేక మరల మందునకే పోవువారు కలరు. కొన్ని వారములు పుచ్చుకొని కొన్ని వారములు మానుటకు వ్యాయామశాలలలో ‘సైకిలు’ అని పేరు. పేరు తగినదే, ఆ చక్రమున ఎక్కినవానికి దిగుట కష్టము.

ఇంతియ కాదు. మొటిమలు లేచును, మగవారికి రొమ్ములు పెరుగును, రక్తపుపోటు హెచ్చును, మేలుచేయు కొలెస్టరాలు తగ్గి, కీడుచేయునది పెరుగును. నోట వేసికొను మాత్రలలో పెక్కింటివలన కాలేయము చెడును. కోపము, దుడుకుతనము పెచ్చుపెరుగుటయు కలదు. ఎదుగుచున్న బాలురకు ఎముకల పెరుగుదల ముందుగనే ఆగిపోవచ్చును. స్త్రీలకు గొంతు బొంగురుపడి, మందు మానినను మరల పూర్వస్థితికి రాకపోవచ్చును. ఒకరి సూదిని మరొకరు వాడుటవలన కామెర్ల వైరస్సులును, ఎయిడ్స్ వైరస్సును సంక్రమించును. దొంగచాటుగా అమ్మబడు సీసాలో పైన వ్రాసిన మందే యున్నదని చెప్పగలవాడు లేడు.

అన్నిటికంటె ఆలోచింపదగిన విషయము మరియొకటి కలదు. గుండెయు కండయే. భుజమును పెంచుము, గుండెను ముట్టకుము అని మందునకు ఎవ్వరును ఆజ్ఞ యీయజాలరు. దానివలన గుండె గోడలు దళసరియై బిరుసెక్కును. 2017లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో బరువులెత్తు 140 మంది పురుషులను పరీక్షించిరి. వారిలో 86 మంది ఈ మందులు వాడినవారు. 54 మంది వాడనివారు. గుండె తనలో నిండిన రక్తములో ఎంతభాగమును ఒక్కొక్క కొట్టుకొనుటకు బయటికి పంపుచున్నదని కొలువగా, వాడనివారిలో సగటున 63 శాతము, వాడినవారిలో 52 శాతముగా తేలినది. చూచువారికి బలవంతులుగా తోచువారి గుండెలే బలహీనములైయున్నవి! డెన్మార్కు దేశమున, వ్యాయామశాలలలో జరిపిన పరీక్షలలో ఈ మందులు వాడినట్లు తేలిన 545 మంది పురుషుల ఆరోగ్యచరిత్రను పరిశీలించి 2019లో ప్రకటించిరి. అదే వయస్సు గల ఇతరులతో పోల్చగా వారిలో మరణములు మూడు రెట్లు అధికముగా నుండినవి.

రావణుడు వరము కోరునపుడు దేవ దానవ గంధర్వాదులచే చావులేకుండ కోరి, మనుష్యులను లెక్కకు తీసికొనలేదు. లెక్కింపని తావునుండియే అతనికి నాశము వచ్చినది. అద్దము ముందు నిలిచి భుజమును, రొమ్మును కొలుచుకొను యువకుడు లెక్కింపనిది లోపలనున్న గుండెను.

పూర్వపక్షములు – సమాధానములు

వైద్యుని పర్యవేక్షణమున తగినంత మాత్రమే వాడినచో క్షేమము గదా యని మొదటి ఆక్షేపము. దీనికి చరిత్రయే సమాధానము. తూర్పు జర్మనీ ప్రభుత్వము 1974 మొదలు రహస్యముగా, వైద్యులయొక్కయు శాస్త్రజ్ఞులయొక్కయు పర్యవేక్షణలో, సుమారు 10,000 మంది క్రీడాకారులకు ఈ మందులనిప్పించినది. వారిలో పసిప్రాయపు బాలికలు పెక్కురు. విటమిను మాత్రలని నమ్మించి నీలపు మాత్రలను మింగించిరి. మోతాదులను వ్రాసిపెట్టుకొనిరి, పరీక్షలు జరిపిరి. పతకములు వచ్చినవి. వానితోపాటు మారిన గొంతులు, చెడిన కాలేయములు, సంతానభంగములును వచ్చినవి. 2000లో బెర్లిన్ న్యాయస్థానము ఆనాటి క్రీడాధికారులను దోషులుగా నిర్ణయించినది. మోతాదును వ్రాసినంతమాత్రమున అపాయము తప్పదు, తగ్గవచ్చును, అంతే. దీనిని పూర్తిగా క్షేమమని పూచీ పడగల వైద్యుడు లేడు.

భీముడు నాగలోకమున రసము త్రాగి వేయేనుగుల బలమును పొందలేదా యని రెండవ ఆక్షేపము. ఆదిపర్వమున ఆ కథ కలదు. కాని భీముడు బలమును కోరి అచ్చటికి పోలేదు. దుర్యోధనుడు విషమిడి గంగలో త్రోయగా, చావు తప్పి పాతాళమునకు చేరినవానికి నాగరాజు అనుగ్రహించి యిచ్చినది ఆ రసము. ఆ బలమును భీముడు ఏకచక్రపురమున బకాసురుని వధించి పేదబ్రాహ్మణుని కుటుంబమును కాపాడుటకు వినియోగించెను. అడుగక లభించిన అనుగ్రహమును, చాటుగా కొనుక్కొనిన సీసాను ఒక్క త్రాసున తూచరాదు.

ఆయుర్వేదమున రసాయనచికిత్స లేదా యని మూడవ ఆక్షేపము. కలదు. కాని చరకసంహిత రసాయనమును చెప్పుచు ఆచారమును కూడ రసాయనముగనే చెప్పినది. సత్యము పలుకుట, కోపమును విడుచుట, పెద్దలను సేవించుట, మితముగా నిద్రించుట మున్నగునవి లేనివానికి ఔషధఫలము సిద్ధింపదు. కోపమును పెంచి, ఇంటివారితో అసత్యము లాడించు మందు రసాయనమెట్లగును? సుశ్రుతుడు వ్యాయామమును సైతము తన శక్తిలో సగము మేరకే చేయుమని విధించినాడు.

ఈ మందులకు ధర్మమైన వినియోగము లేకపోలేదు. శరీరము స్వతః టెస్టోస్టెరానును తయారుచేయలేని పురుషులకు, యౌవనము మిక్కిలి ఆలస్యమైన బాలురకు, కొన్ని తీవ్రవ్యాధులచే కృశించినవారికి వైద్యులు వీనిని ఇచ్చుట కలదు. అది పోయినదానిని పూరించుట. ఆరోగ్యవంతుడు కండలకొరకు పుచ్చుకొనుట ఉన్నదానిని తాకట్టు పెట్టుట. రెండును ఒకటి కావు.

దేహమెవరిది?

ఇంతవరకు చెప్పినది అపాయమును గురించిన విచారము. ఒకవేళ రేపు ఎవరైనను అపాయము లేని మందును కనుగొనినచో ధర్మవిచారము ముగిసిపోవునా? ముగియదు. “జాగ్రత్తగా వాడినచో తప్పేమి?” అను మాటలో, దేహము నాది, దానిని పందెమొడ్డుటకు నాకు అధికారము కలదు అను భావము దాగియున్నది. శ్రీవైష్ణవ సంప్రదాయము ఈ భావమునే అంగీకరింపదు. భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు. జీవుడే తనవాడు కానప్పుడు దేహము తనదెట్లగును? ఒకరు నమ్మి దాచుమని యిచ్చిన సొమ్మును తుడిచి మెరుగుపెట్టవచ్చును, కుదువబెట్టరాదు. దేహమును పీడించువారు లోపలనున్న తన్నే పీడించుచున్నారని గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు హెచ్చరించినాడు. తపస్సు పేరిట దేహమును పీడించుటయే ఆసురమైనపుడు, అందము పేరిట పీడించుటను గురించి వేరుగ చెప్పనేల?

హనుమంతునకు సముద్రమును దాటు బలము కలదు. కాని జాంబవంతుడు గుర్తుచేయువరకు ఆ బలము అతనికి స్మరణకే లేదు. లంకలో రాక్షసులు చుట్టుముట్టినపుడు తాను రామునకు దాసుడనని చాటినాడు. కార్యము వచ్చినపుడు కనుపించి, తీరినపుడు అణగియుండు బలమే దాస్యమునకు తగిన బలము.

తెలుగుదేశమున అట్టి దేహదారుఢ్యమునకు ఉదాహరణము లేకపోలేదు. వీరఘట్టమున జన్మించి, కలియుగ భీముడని ప్రసిద్ధిగాంచిన కోడి రామమూర్తి నాయుడుగారు శాకాహారి, ప్రాణాయామసాధకుడు. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన ఆయన కీర్తి, ప్రయోగశాలలో టెస్టోస్టెరాను పుట్టుటకు ముందే దేశమంతట వ్యాపించినది. అందరికిని అంతటి బలము రాదు. రావలసిన పనియు లేదు. వారమునకు రెండు మూడు దినములు క్రమముగా బరువులెత్తుట, కంటినిండ నిద్ర, పాలు, పెరుగు, పప్పులు, సెనగలు, వేరుసెనగలు గల భోజనము, వీనితో కొన్ని నెలలకు బలము వచ్చును. నెమ్మదిగా వచ్చినది నెమ్మదిగా పోవును. ఎరువు సొమ్ము బరువు చేటని లోకోక్తి. 1988లో సియోల్ ఒలింపిక్సునందు బెన్ జాన్సన్ నూరు మీటర్లను 9.79 సెకండ్లలో పరుగిడి లోకమును ఆశ్చర్యపరచెను. స్టానొజొలోల్ అను స్టెరాయిడు బయటపడగా మూడు దినములలో పతకమును తిరిగి యిచ్చివేయవలసివచ్చెను.

ఇంటిపెద్దలకు ఒక్క మాట. కుమారుడు ఇప్పటికే ఈ మందునకు అలవాటుపడియుండినచో గద్దించి ఇల్లు వెడలగొట్టవలదు. సిగ్గుచే దాచినవానికి వైద్యము అందదు. నెమ్మదిగా అడిగి వైద్యునియొద్దకు తోడుగా పోవలెను. గుండె, కాలేయము, రక్తము పరీక్షింపజేయవలెను. మానునపుడు మనస్సు క్రుంగును గనుక కొన్ని నెలలు కనిపెట్టుకొనియుండవలెను. బక్కవాడని బంధువులు చేయు పరిహాసమే పెక్కురను ఈ త్రోవకు నెట్టుచున్నదని కూడ గుర్తింపవలెను.

ఇక ఆ యువకునకు తాతగారు చెప్పదగిన సమాధానమిది: “నాయనా! గరుడవాహనమును ఏ ఒక్కని భుజమును మోయదు. ఎందరో మోయుదురు; భుజముల బలముకంటె అడుగుల పొందిక అచ్చట ముఖ్యము. దండె క్రింద చోటు దొరకకున్న దివిటీ పట్టుము, గొడుగు పట్టుము, వింజామర వీవుము. ఇంతలో వ్యాయామము చేయుము, కడుపునిండ తినుము. ఈ యేడు కాకున్న పై యేడు నీ భుజమునకును చోటు దొరకును. స్వామి నీ భుజము లావును అడుగలేదు. నీ ఆయుస్సంతయు సేవ చేయుమని అడిగినాడు.”

బలము నిచ్చువాడును, దానిని స్వీకరించువాడును అగు శ్రీనివాసుడు యువజనులకు ఆరోగ్యమును, ఓర్పును అనుగ్రహించుగాక!