యొర్దాను రాళ్లును పెండ్లి ఫోటోలును

మూలవాక్యము: యెహోషువ 4:1–7



శ్రమదినములు గడచినవి. పునరుత్థాన పండుగ ఆనందము ఇంకను మన యిండ్లలో నిలిచియుండగానే పెండ్లిండ్ల కాలము వచ్చియున్నది. మా సంఘమునకు చేరిన మూడు గ్రామములలో ఈ నెల ఐదు వివాహములకు ప్రకటనలు చదివితిమి. ప్రకటన వ్రాయించుటకు వచ్చిన తలిదండ్రులు మమ్మును మొదట అడిగినది వాక్యమును గూర్చి కాదు, పాటలను గూర్చియు కాదు. "అయ్యగారూ, ఫోటోగ్రాఫరును గుడిలో ఎంతవరకు రానిస్తారు?" అని అడిగిరి.

ఇది పత్రికలో వ్రాయదగినంత సంగతియా అని కొందరు అనుకొనవచ్చును. అయితే ఈ సంగతిలో మేము ఒకసారి తప్పితిమి. ఆ తప్పు మొదట ఒప్పుకొని, తరువాత బోధించుట మంచిది.

కొన్ని సంవత్సరముల క్రిందట, మిరపకోతలు ముగిసిన దినములలో, కూలిపని చేసికొని బ్రదుకుచుండిన మా సంఘ సహోదరుడొకడు తన పెద్ద కుమార్తె పెండ్లి నిశ్చయించి మా యొద్దకు వచ్చెను. "అయ్యగారూ, మా పెండ్లికి ఒక్క ఫోటో కూడా లేదు. పిల్ల పెండ్లికన్నా టౌను నుంచి ఒక ఫోటోగ్రాఫరును పిలుద్దామనుకుంటున్నా. పదిహేను వేలు అడుగుతున్నాడు" అనెను. మేము వెంటనే లూకా సువార్త 14వ అధ్యాయము తెరచి, గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట వివరించితిమి. "ఆ డబ్బుతో పిల్లకు ఒక కుట్టుమిషను వచ్చును గదా. ఇప్పుడు అందరి చేతిలోను ఫోనులున్నవి గదా" అంటిమి. అతడు తల వంచుకొని, "మీరు చెప్పినట్టే కానీయండి అయ్యగారూ" అని వెళ్లిపోయెను.

పెండ్లి జరిగెను. కుట్టుమిషను వచ్చెను. పెండ్లికుమార్తె మేనత్త కొడుకు తన ఫోనుతో ఫోటోలు తీసెను. ఆ వర్షకాలములోనే ఆ ఫోను కాలువలో పడిపోయెను. తక్కిన వారు తీసికొన్నవి వారి వారి ముఖములే. అదే సంవత్సరము క్రిస్మసుకు ముందు ఆ సహోదరుడు గుండె ఆగి ప్రభువునందు నిద్రించెను. ఇంటిలో పెట్టుకొనుటకు పటము కావలసివచ్చినప్పుడు, ఆధారు కార్డు మీది చిన్న బొమ్మను పెద్దది చేయించిరి. ఆ బొమ్మలో అతని నవ్వు లేదు. అది చూచి, "ఇతడెవరో వేరే మనిషివలె ఉన్నాడు" అని అతని భార్య ఏడ్చెను.

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ కుమార్తె మా యొద్ద నిలిచి, "అయ్యగారూ, నాయన నన్ను చెయ్యి పట్టుకుని గుడిలోకి తీసుకొచ్చాడు గదా. ఆ ఫోటో ఎవరి దగ్గరన్నా ఉంటుందా?" అని అడిగెను. మేము ఇంటింట విచారించితిమి. ఒకే ఒక ఫోటోలో, ఎవరి తలయో అడ్డుపడగా, అతని తెల్లచొక్కా భుజము మాత్రము కనబడెను. మరేమియు లేకపోగా వివాహ రిజిస్టరు తెరచి, సాక్షుల చోట అతడు వచ్చీరాని అక్షరములతో చేసిన సంతకము చూపితిమి. ఆమె ఆ అక్షరముల మీద వ్రేలు పెట్టి చాలసేపు చూచెను. పిమ్మట తన ఫోనుతో ఆ సంతకమునకు ఫోటో తీసికొని పోయెను.

మేము ఆ రాత్రి నిద్రపోలేదు. పొదుపును గూర్చి మేము చెప్పినది సత్యమే. అయితే ఆ మనుష్యుడు ఫోటో ఎందుకు కోరుచున్నాడో అడుగలేదు. అతడు చెప్పిన వెల వింటిమి గాని అతని మనస్సు వినలేదు. కాపరికి ఇది చిన్న తప్పు కాదు.

ఇక రెండవ ప్రక్కను కూడ చూడవలెను. మరియొక గ్రామములో జరిగిన పెండ్లికి క్యాండిడ్ అని ఇద్దరు, వీడియో అని ఇద్దరు, డ్రోనుతో ఒకరు, మొత్తము ఐదుగురు వచ్చిరి. దానికి ముందు వధూవరులను చెరువు గట్టుకును కోటకును త్రిప్పి రెండు దినములు చిత్రములు తీసిరి. పెండ్లికుమార్తె తండ్రి దీనికంతయు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. ప్రమాణములు చెప్పించు సమయమున సంఘమునకు కనబడినవి ఫోటోగ్రాఫర్ల వీపులే. ఉంగరము తొడిగిన తరువాత, "అన్నా, ఇంకొక్కసారి, నెమ్మదిగా" అని ఒకడు అడిగెను. పెండ్లికుమారుడు ఉంగరము తీసి మరల తొడిగెను. పిల్లలు నవ్విరి. బాకీ సొమ్ము చెల్లనందున ఆల్బము ఒక సంవత్సరము స్టూడియోలోనే పడియుండెను. అప్పు మాత్రము ఇంటిలోనే యుండెను.

ఒక ఇంటికి జ్ఞాపకమునకు ఒక్క రాయియైనను లేకపోయెను. మరియొక ఇంట రాళ్ల గుట్టలో యొర్దానే మరుగైపోయెను. ఈ రెంటి నడుమ మన మార్గమేది? మూలవాక్యము దానిని చూపుచున్నది.

ఇశ్రాయేలీయులు ఆరిన నేలను యొర్దాను దాటిన తరువాత, గోత్రమునకొకరు చొప్పున పండ్రెండుగురు మనుష్యులు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తీసికొని రావలెనని దేవుడు సెలవిచ్చెను. ముందుకు మీ పిల్లలు ఈ రాళ్లేమని అడిగినప్పుడు, జరిగినదంతయు వారికి చెప్పవలెనని ఆజ్ఞ. ఇందులో మనము మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది: జ్ఞాపకార్థమైన గురుతును దేవుడు తృణీకరింపలేదు. మనుష్యుడు మరచువాడని ఆయన యెరుగును. గనుక పెండ్లి ఫోటో కోరుట గర్వమని తటాలున తీర్పు తీర్చకూడదు. మనవరాలు గోడమీది పటము చూచి, "ఈయన ఎవరు?" అని అడిగినయెడల, తాతను గూర్చియు, అతని ప్రార్థనలను గూర్చియు చెప్పుటకు తల్లికి ద్వారము తెరువబడును.

పూర్వము ఈ భాగ్యము రాజులకు కూడ లేదు. ఫోటో తీయు విద్య 1839లో పారిసులో లోకమునకు ప్రకటింపబడెను. 1840 ఫిబ్రవరి 10న ఇంగ్లాండులో విక్టోరియా రాణి వివాహము జరిగినప్పుడు దానికి ఫోటో లేదు, చిత్రకారుడు వేసిన పటమే యున్నది. మన దేశమున లాలా దీనదయాళ్ గారు 1886లో సికిందరాబాదున స్టూడియో పెట్టిరి. పరదా పాటించు స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, స్త్రీచేతనే ఫోటోలు తీయించిరి. అయినను పల్లెవారికి అది చాలకాలము అందలేదు. పెండ్లియైన పిమ్మట వధూవరులు బండి కట్టుకొని తాలూకా పట్టణమునకు పోయి, రంగుల తెర యెదుట కదలక కూర్చుండి తీయించుకొనిన ఒక్క నలుపు తెలుపు పటము మన పెద్దల యిండ్లలో ద్వారబంధము మీద మీరు చూచియుందురు. తరువాత పెండ్లియింటికే వచ్చిన ఫోటోగ్రాఫర్ల చదరపు చిత్రపు కెమెరాలలో రోలుకు పండ్రెండే చిత్రములు వచ్చెడివి. పండ్రెండు రాళ్లు, పండ్రెండు చిత్రములు! ఏది తీయవలెనో అతడు ఆలోచించి తీసెడివాడు. నేడు ఒక్క పూటలో వేలకొలది తీయుచున్నారు. వాటిని మరల తెరచి చూచువారెందరు?

రెండవది: జనులందరు యొర్దాను దాటిన తరువాతనే రాళ్ల మాట వచ్చెను. రాళ్ల కొరకు దాటుట ఆపబడలేదు. మందసము మోయు యాజకులను ప్రక్కకు జరుగుమని ఎవరును చెప్పలేదు. మొదట కార్యము, తరువాత జ్ఞాపకము. వివాహ ప్రమాణము దేవుని యెదుటను సంఘము యెదుటను చేయబడు కార్యము. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము అడుగునది రిజిస్టరులో కాపరి, వధూవరులు, ఇద్దరు సాక్షులు చేయు సంతకములనే గాని ఫోటోను కాదు. ప్రమాణము ఒకమారే చెప్పబడును. దానిని కెమెరా కొరకు మరల చెప్పినయెడల రెండవది నటన యగును. మనుష్యులకు కనబడవలెనని వీధిమూలలలో ప్రార్థించువారిని గూర్చి కొండమీది ప్రసంగములో ప్రభువు హెచ్చరించెను. ఉంగరము తీసి మరల తొడుగుటయందును ఆ హెచ్చరిక మనకు జ్ఞాపకము రావలెను.

మూడవది: ఒక్కొక్కడు తన రాయిని తన భుజము మీద మోసెను. మోయగలిగినంత రాయినే తెచ్చిరి గాని, పొరుగువాని యెద్దులను వడ్డీకి తెచ్చి కొండను ఈడ్వలేదు. నీ భుజము మోయగలిగినంతయే నీ పెండ్లి ఫోటోలకు హద్దు. ఒక్క మనిషి, ఒక్క పూట, ఒక చిన్న ఆల్బము చాలును. అదియును భారమైనయెడల ఫోను చాలును. అయితే ఆ పని ఒక నెమ్మదిగల యౌవనస్థునికి ముందుగానే అప్పగించి, వధూవరులనే గాక తలిదండ్రులను, అవ్వతాతలను, రాలేక మంచమున నున్నవారిని కూడ తీయుమని చెప్పుడి. ఆ రాత్రియే ఆ చిత్రములను మరి రెండు చోట్ల దాచుడి. ఒక్క ఫోను కాలువలో పడినందున ఒక కుమార్తె ఎంత పోగొట్టుకొనెనో మేము కన్నులార చూచితిమి.

ఫోటోగ్రాఫరును కుదుర్చుకొనువారికి మరికొన్ని మాటలు. అతడు తీసిన మంచి చిత్రములు పది చూచి మురిసిపోక, ఒక పెండ్లి ఆల్బము మొదటినుండి చివరవరకు చూపుమని అడుగుడి. మాటలాడినవాడే పెండ్లినాడు వచ్చునో, మరియొకనిని పంపునో తెలిసికొనుడి. ఒక కెమెరా చెడినయెడల రెండవది యుండునా అని అడుగుడి. ఎన్ని గంటలు, ఎన్ని షీట్లు, బయానా ఎంత, ఆల్బము ఏ తేదీకి వచ్చునో కాగితము మీద వ్రాసికొనుడి. పెండ్లి కొరకు సొమ్మిచ్చి తీయించుకొనిన ఫోటోల మీద, వేరు ఒప్పందము లేనియెడల, తీయించుకొన్నవారికే మొదటి హక్కని 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను చెప్పుచున్నది. గనుక మీ ఆడపిల్ల ముఖము అతని వ్యాపార ప్రకటనలలో కనబడవలెనో కూడదో ఆ కాగితములోనే వ్రాయుడి.

అతనిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. కానాలో జరిగిన పెండ్లిని తలంచుకొనుడి. ఆ ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో విందు ప్రధానికి తెలియలేదు, నీళ్లు తోడిన పరిచారకులకు తెలిసెను. నేటి పెండ్లిలో ఫోటోగ్రాఫరు అట్టి పరిచారకుడు. ఎవరును చూడని మూల తల్లి కన్నీరు తుడుచుకొనుట అతడు చూచును. తెల్లవారుజాము మొదలు నిలువుకాళ్ల మీద నుండును. అందరు భోజనము చేయుచుండగా తీయుచుండును, తన వంతు వచ్చుసరికి గిన్నెలు అడుగంటును. అతనికి వేళకు విస్తరి వేయుడి. పనివానికి జీతము చెందవలెనని ప్రభువే చెప్పెను. కూలి బిగపట్టినవారి మీద యాకోబు ఎంత కఠినముగా వ్రాసెనో యెరుగుదురు. ఆల్బము చూచి మెచ్చుకొని, బాకీ కొరకు ఆరు నెలలు త్రిప్పుట క్రైస్తవుని నడత కాదు.

మా సంఘ పెద్దలు కూడి ఒక క్రమము నిర్ణయించిరి. పెండ్లికి ముందు ఫోటోగ్రాఫరుతో కాపరి కూర్చుండి ఆరాధన క్రమము వివరించును. వధువు ప్రవేశము, ఉంగరములు, ఆశీర్వాదము, సంతకములు, వీటిని ప్రక్కనుండి తీయవచ్చును. వాక్యమును ప్రార్థనయు జరుగుచుండగా ఎవరును కదలకూడదు. బల్ల చుట్టు తిరుగకూడదు. గుడిలో డ్రోను ఎగురవేయకూడదు. ఆరాధన ముగిసిన పిమ్మట అరగంటసేపు గుడి మెట్లమీద కావలసినంత తీసికొనవచ్చును. ఇది చెప్పినప్పుడు చిన్నబుచ్చుకొనిన ఫోటోగ్రాఫరును మేము ఇంతవరకు చూడలేదు. ముందుగా చెప్పకపోవుటయే మన లోపము.

ఆ మెట్లమీద మొదటి ఫోటో ఎవరిది తీయవలెనో కూడ నిర్ణయించితిమి. వధూవరుల ప్రక్కన వారి తలిదండ్రులను నిలువబెట్టి మొదట తీయవలెను. తండ్రి సిగ్గుపడి వెనుకకు పోయినయెడల కాపరియే వెళ్లి చేయి పట్టుకొని తెచ్చును. ఎందుకో చదువరులు గ్రహింతురు.

ప్రియులారా, గిల్గాలులో రాళ్లు నిలిచెను. అయితే ఇశ్రాయేలును దాటించినవి రాళ్లు కావు, దేవుని హస్తమే. ఆల్బము పాతబడును, ఫోను పాడగును. ప్రమాణము చేసిన ఇద్దరును, దానిని విన్న దేవుడును ఉన్నంతవరకు వివాహము నిలుచును. గనుక కార్యమును కార్యముగా జరిగించుడి, జ్ఞాపకమును జ్ఞాపకముగా దాచుకొనుడి. మీ పిల్లలు అడుగు దినమున చూపుటకు ఒక రాయియు, చెప్పుటకు ఒక సాక్ష్యమును మీ యిండ్లలో నుండును గాక. ఆమేన్.