శాంతియాత్ర - విశ్వాసి బాధ్యత



ఊళ్లో శాంతియాత్ర అనగానే మనలో కొందరికి రెండు సందేహాలు కలుగుతాయి. అన్ని మతాలవాళ్లూ ఉండే యాత్రకు మనం వెళ్లవచ్చా అన్నది ఒకటి. నాలుగడుగులు నడిస్తే అన్యాయం ఆగుతుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు మక్కా చరిత్రలోనే ఉంది. యమన్ వర్తకుడొకడు ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైష్ నాయకుడికి సరుకు అమ్మాడు. ఆస్ పైకం ఎగ్గొట్టాడు. ఆ పరదేశికి అక్కడ అండ లేదు. అతను అబూ ఖుబైస్ కొండెక్కి అందరికీ వినిపించేలా తన గోడు చెప్పుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. బాధితుడు ఎవరైనా సరే, అతని హక్కు దక్కేవరకు ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. వర్తకుడికి రావలసింది ఇప్పించారు. అదే హిల్ఫుల్ ఫుజూల్.

మహాప్రవక్త (స) అప్పటికి నవయువకులు. దైవదౌత్యం ఇంకా లభించలేదు. ప్రమాణం చేసినవారు బహుదైవారాధకులు. అయినా ఆయన అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని ఎర్ర ఒంటెలకన్నా విలువైనదిగా ఎంచారు. ఇస్లాంలోనూ అటువంటి పిలుపు వస్తే వెళతానన్నారు. ఇక మనకు సంకోచమెందుకు?

రెండో సందేహానికి అబూదావూద్‌లోని ఒక హదీసు చాలు. పొరుగువాడి వేధింపుల గురించి ఒకతను ప్రవక్త (స)కు మొరపెట్టుకున్నాడు. మొదట సహనం వహించమన్నారు. అతను మళ్లీ మళ్లీ రాగా, ఇంటి సామాను తీసి దారిలో పెట్టమన్నారు. దారినపోయేవారు సంగతి తెలుసుకుని ఆ పొరుగువాడిని నిందించసాగారు. చివరికి అతడే వచ్చి, ఇకపై బాధించనని మాట ఇచ్చాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. అన్యాయం నలుగురి కంటా పడింది, అంతే!

మన రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరులకు ఇచ్చింది. అయితే రహదారులను నిరవధికంగా ఆక్రమించరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దారికీ హక్కులున్నాయని, బాటసారికి బాధ కలిగించరాదని మన ధర్మం ఏనాడో బోధించింది. కనుక అనుమతి తీసుకునే వెళ్లండి. అంబులెన్సుకు దారి వదలండి. ఎవరినీ కించపరిచే నినాదం నోట రానివ్వకండి. నమాజు వేళ మరువకండి.

చివరగా మనల్ని మనం ప్రశ్నించుకుందాం. బాధితుడు మనవాడైనప్పుడే మన కాళ్లు కదులుతున్నాయా? ఆ వర్తకుడు మక్కావాసులకు ఏమీ కాడు. ఆస్ వారి సొంత ఖురైషీయుడు. అయినా వారు పరాయివాని పక్షాన నిలిచారు. మనవాళ్లకు వ్యతిరేకమైనా సరే న్యాయానికే సాక్షులు కావాలన్నది దివ్యఖుర్‌ఆన్ ఆదేశం. మనవాడే దౌర్జన్యం చేసిననాడు కూడా మనం వీధిలోకి రాగలిగితేనే అది శాంతియాత్ర. లేకపోతే అది ఉత్త బలప్రదర్శన.

అల్లాహ్ మనకు న్యాయంపై నిలిచే స్థైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.