వినకముందే తీర్పు

మూలవాక్యము: యోహాను 7:45–53



యేసును పట్టుకొని రమ్మని పంపబడిన బంట్రౌతులు ఒట్టిచేతులతో తిరిగి వచ్చిరి. పరిసయ్యులు మండిపడిరి. వారి మనస్సులో తీర్పు అప్పటికే అయిపోయినది. అప్పుడు నీకొదేము ఒక్కడే నోరు తెరచి, ఒకని మాట ఆలకింపకయే వానిని దోషిగా ఎంచుట మన ధర్మశాస్త్రమునకు తగునా అని నిలదీసెను. వారికి జవాబు లేదు. అతనిని ఎగతాళి చేసిరి.

ఈ ప్రశ్నను మన తెలుగు దేశములో జరిగిన ఒక సంగతి యెదుట పెట్టి చూతము. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యౌవన పశువైద్యురాలు చెరపబడి చంపబడెను. దుర్మార్గులు ఆమె దేహమును షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి యొద్ద కాల్చివేసిరి. లోకము ఆమెను దిశ యని పిలిచినది. ఆ తల్లిదండ్రుల దుఃఖము తలంచిన ఎవరి గుండె కరగదు?

పోలీసులు లారీలపై పనిచేయు నలుగురు బీదవారిని పట్టుకొనిరి. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ స్థలమునకే తీసికొనిపోగా నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. మా తుపాకులు లాగుకొని మాపై కాల్చిరని పోలీసులు చెప్పిరి. ప్రజలు వారిపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి.

సుప్రీం కోర్టు మాజీ న్యాయమూర్తి సిర్పూర్కరు అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషనును నియమించెను. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చెను. తుపాకులు లాగుకొనిరనుట నమ్మదగినది కాదనియు, చంపవలెనని తెలిసియే కాల్చిరనియు, చనిపోయినవారిలో ముగ్గురు పదునెనిమిదేండ్లు నిండనివారనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలెననియు కమిషను చెప్పెను. సుప్రీం కోర్టు సంగతిని తెలంగాణ హైకోర్టునకు పంపెను. అధికారులలో కొందరు ఆ నివేదికను ఎదిరించి హైకోర్టును ఆశ్రయింపగా, 2024లో దానిపై చర్యలు తాత్కాలికముగా నిలుపబడెను.

ఇక్కడ ఒకటి గమనింపుడి. ఆ పోలీసుల పక్షమున వకీలు నిలిచి మాటలాడును, న్యాయమూర్తి ఆలకించును. అది న్యాయమే. వారిని కూడ మనము ముందుగా హంతకులనరాదు. అయితే ఆ నలుగురికి ఆ మేలు దొరకలేదు. వారు దోషులో కారో ఏ న్యాయస్థానమును తేల్చలేదు. ఆ బిడ్డ కెవరు ఏమి చేసిరో అదియు సాక్షుల యెదుట నిలువలేదు. ఆమెకు న్యాయము జరిగెనని పూలు చల్లినవారు ఆమె న్యాయమును కూడ ఆ పొలములోనే పాతిపెట్టిరి.

సమస్తము ఎరిగిన దేవుడే ఆదామును, నీవెక్కడ నున్నావని అడిగెను. కయీనును అతని తమ్ముని గూర్చి అడిగెను. సొదొమ మొర ఆయనకు చేరినను, చూచుటకు దిగివచ్చెను (ఆది. 18:21). అన్నియు తెలిసినవాడు విచారించుచుండగా, ఏమియు తెలియని మనము విచారణ వద్దందుమా?

మన గ్రామములలో దొంగతనము జరిగినప్పుడు మొదట ఎవరి గుడిసె తలుపు తట్టుదురో మనకు తెలియును. నేడు పరుని విషయములో, విచారణ ఎందుకు, కాల్చివేయుడి అని చప్పట్లు కొట్టినయెడల, రేపు మన కుమారుని పట్టుకొనిపోవునాడు ఎవరిని ఆశ్రయింతుము? కాబట్టి రచ్చబండ యొద్ద అందరును ఒక్క కేకగా అరచునప్పుడు, వాని మాట కూడ విందమని పలుకువాడు మన సంఘములో ఒక్కడైనను ఉండవలెను. నీకొదేమువలె అతడు ఎగతాళి పొందునుగాక. అతని ప్రశ్న నిలుచును.

ప్రార్థన: నీతిగల న్యాయాధిపతీ, బిడ్డను పోగొట్టుకొన్న ప్రతి యింటిని ఆదరించుము. మా కోపమునకు కళ్లెము వేయుము. విను చెవులను మాకు దయచేయుము. ఆమేన్.